ఫోకస్ తిప్పేదెవరు?

మా బాబాయి నలభై ఏళ్లు కెమెరాలు బాగుచేశాడు. లెన్స్ చేతికిస్తే ముందు దాన్ని వెలుగుకి ఎదురుగా పట్టుకుని ఓరగా చూస్తాడు, మాట ఆ తర్వాతే. కొన్నేళ్ల కిందట మా ల్యాబు చూస్తానని వచ్చాడు. గ్లౌజులు తొడిగించి, వ్యాక్యూమ్ ఛాంబర్లో బిగించబోయే లెన్స్ ఒకటి డబ్బాలోంచి తీసి ఇచ్చాను. బొటనవేలి గోరంత ఉంటుంది. ఒకటే గాజుముక్క, ఒకవైపు దాదాపు చదును, రెండోవైపు బాగా ఉబ్బు.

ఎప్పట్లాగే ఓరగా చూశాడు. "దగ్గరి చూపుది. ఎంత దగ్గర పెడతారు?"

"ఐదారు మిల్లీమీటర్లు, బాబాయ్."

"ఏం చూడ్డానికి?"

"ఒక్క పరమాణువుని. చూడ్డానికీ ఇదే, పట్టుకోడానికీ ఇదే."

నేను ఆశించినంత ఆశ్చర్యపోలేదు. కాసేపు ఛాంబర్ వైపు, దాని చుట్టూ వరసగా ఉన్న బోల్టుల వైపు చూసి అడిగాడు: "మూత బిగించేశాక ఫోకస్ తిప్పేదెవరమ్మా?"

ఎవరూ తిప్పరని చెప్పాను. లెన్స్ కదలదు, బయటి నుంచి పంపే లేజర్ కిరణాన్ని కాస్త విప్పారేలాగో ముడుచుకునేలాగో చేస్తే లోపల ఫోకస్ కొంచెం ముందుకీ వెనక్కీ జరుగుతుంది అన్నాను. "అది తిప్పడం కాదు, సర్దుకుపోవడం" అని లెన్స్ నా చేతిలో పెట్టేశాడు.

ఈమధ్య ఒక ప్రసంగం వింటుంటే ఆ మాట గుర్తొచ్చింది. వక్త తన వేలికొన మీద పలచటి గాజుబిళ్ల పెట్టుకున్న ఫొటో చూపించి, పరమాణువులను పట్టే యంత్రం ఇక అరచేతిలోకి వచ్చేస్తుందన్నాడు. చప్పట్లు కొట్టారు. తర్వాతి స్లైడులో అసలు ప్రయోగం ఫొటో ఉంది. ఆ బిళ్ల చుట్టూ స్టీలు ఛాంబర్, పంపులు, పక్కన మంచాలంత బల్లలు రెండు, వాటి మీద వేలు పెట్టడానికి సందు లేకుండా అద్దాలు. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

నా అభిప్రాయం ఇది. ఈ పనిలో చిన్న లెన్స్‌ని మనం తప్పు కారణానికి మెచ్చుకుంటున్నాం. పరమాణువుకి అంత దగ్గరగా వెళ్లగలగడమే దాని విలువ. అలా వెళ్లినందుకు కట్టే మూల్యం బాబాయి అడిగిన ప్రశ్నలోనే ఉంది. ఆ మూల్యం కట్టి తీరాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. మిగతా చోట్ల మాత్రం ముచ్చట పడి కడుతున్నాం.

(పత్రికల్లో 'అణువు' అని రాస్తారు, అణుబాంబు అలవాటు కొద్దీ. బళ్లో అణువంటే మాలిక్యూల్. గొడవ లేకుండా ఇక్కడ పరమాణువు అనే అంటాను.)

మచ్చ చిన్నదా, గాజు చిన్నదా

అయాన్‌ని పట్టుకోవడం వేరు. దానికి చార్జ్ అనే పిలక ఉంది, విద్యుత్ క్షేత్రంతో ఆ పిలక పట్టుకోవచ్చు. ఒంటరి బేరియం అయాన్‌ని హైడెల్‌బర్గ్‌లో 1980కల్లా పట్టి ఫొటో కూడా తీశారు. తటస్థ పరమాణువుకి అలాంటిదేమీ లేదు. లేజర్‌ని బాగా చిన్న మచ్చగా కూడదీస్తే, ఆ వెలుగు ఎక్కువగా ఉన్న చోటికి పరమాణువు మెల్లగా లాక్కోబడుతుంది. ఆ మచ్చ దానికి ఒక గుంటలా పని చేస్తుంది. అంతే, మనకున్న పట్టు అదొక్కటే. అది ఎంత బలహీనమంటే, మామూలుగా వాడే గుంట లోతుని వేడి లెక్కలో చెబితే 1 మిల్లీకెల్విన్ చుట్టూ ఉంటుంది. గది వేడి 300 కెల్విన్లు, అంటే దానికి మూడు లక్షల రెట్లు. దారినపోయే గాలి అణువు ఒక్కటి తగిలినా మన పరమాణువు గుంటలోంచి ఎగిరిపోతుంది. ఆ స్టీలు ఛాంబరూ పంపులూ ఉన్నది అందుకే. లెన్స్ ఎంత చిన్నదైనా వాటి అవసరం పోదు.

2001లో ఫ్రాన్స్‌లోని ఓర్సేలో ఫిలిప్ గ్రాంజియే బృందం ఒక మైక్రాన్‌కి (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కాస్త అటూఇటూగా ఉన్న మచ్చలో రుబీడియం పరమాణువులను పట్టింది. అక్కడ తేలిన విషయం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. గుంట అంత ఇరుకైనప్పుడు అందులో ఇద్దరు ఉండలేరు. రెండో పరమాణువు వచ్చి పడగానే, పరమాణువులను నెమ్మదింపజేసి చల్లబరిచే లేజర్ వెలుగులో అవి ఢీకొని రెండూ బయటికి పోతాయి. ఉంటే ఒకటి, లేకపోతే సున్నా.

తెర మీద ఇది ఎలా కనిపిస్తుందంటే: డిటెక్టర్ పది మిల్లీసెకన్లకి ఒకసారి తనకి ఎన్ని ఫోటాన్లు అందాయో చెబుతుంటుంది. గీత అడుగున సన్నగా వణుకుతూ పోతుంటుంది. ఉన్నట్టుండి ఒక మెట్టు ఎక్కుతుంది. అక్కడా వణుకుతుంది, కానీ ఆ ఎత్తులోనే. మూడు సెకన్లో ఐదు సెకన్లో ఉండి దబ్బున కిందికి పడుతుంది. మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ అదే ఎత్తు. గంట సేపు చూసినా రెండో మెట్టు రాదు. మొదటిసారి చూసిన రాత్రి నేను కుర్చీ కూడా లాక్కోకుండా నిలబడే చూశాను. కాళ్లు లాగుతున్న సంగతి తర్వాతెప్పుడో తెలిసింది.

ఇక్కడ పని చేసింది మచ్చ చిన్నదనం. గాజు చిన్నదనం ఈ కథలో ఎక్కడా లేదు. ఓర్సే వాళ్లు మొదట వాడింది చాలా గాజులు వరసగా పేర్చి ప్రత్యేకంగా చేయించిన ఆబ్జెక్టివ్. మచ్చ ఎంత ఉంటుందో తేల్చేది వెలుగు తరంగదైర్ఘ్యమూ, అది ఎంత వెడల్పు కోణంలో వచ్చి కలుస్తుందన్నదీ. గోరంత లెన్స్ ఐదు మిల్లీమీటర్ల దూరం నుంచి, పళ్లెమంత లెన్స్ అరచేయి దూరం నుంచి ఒకే కోణంలో కూడదీస్తే, లెక్క ప్రకారం రెండు మచ్చలూ ఒకటే. ప్రసంగాల్లో ఈ రెండు చిన్నదనాలనూ ఒకే వాక్యంలో కలిపేస్తారు, వినేవాళ్లు ఒకటే అనుకుంటారు.

మరి గాజెందుకు చిన్నది చేశారు

దీనికి సరైన కారణం ఒకటి ఉంది. దాన్ని చాలామంది చెప్పరు.

లెన్స్‌లో లోపాలు ఉంటాయి. అంచు గుండా వచ్చిన కిరణమూ మధ్య గుండా వచ్చినదీ సరిగ్గా ఒకే చోట కలవవు. ఆకారం మార్చకుండా లెన్స్‌ని పదో వంతుకి కుదిస్తే, ఆ కిరణాల దారుల్లో తేడా కూడా పదో వంతు అవుతుంది. వెలుగు తరంగదైర్ఘ్యం మాత్రం కుదించుకోదు కదా. కాబట్టి పెద్ద సైజులో పనికిరాని ఆకారం చిన్న సైజులో దాదాపు దోషం లేనిదవుతుంది. అడాల్ఫ్ లోమాన్ 1989లో ఈ కొలమాన నియమాలను చక్కగా విడమరిచి రాశాడు. పెద్ద లెన్స్‌కి ఐదారు గాజులు పేర్చి దిద్దాల్సిన తప్పుని, చిన్నదానికి ఒక్క ఆస్ఫెరిక్ గాజుతో, అంటే ఉబ్బు గోళంలా కాకుండా లెక్కగా మలిచిన గాజుతో, కానిచ్చెయ్యొచ్చు. అచ్చు పోసి తీసిన గాజు అది, లేజర్ డయోడ్ల ముందు పెట్టే రకం, వేలల్లో తయారవుతుంది.

2007లో అదే ఫ్రెంచ్ వాళ్లు ఈ పని చేసి చూపించారు. ఖరీదైన ఆబ్జెక్టివ్ తీసేసి, 0.5 న్యూమరికల్ ఎపర్చర్ (లెన్స్ ఎంత వెడల్పు కోణంలో వెలుగుని అందుకుంటుందో చెప్పే కొలత) ఉన్న అచ్చు లెన్స్ ఒకటి ఛాంబర్ లోపల పెట్టి ఒంటరి పరమాణువుని పట్టారు, దానితోనే చూశారు. మరుసటి ఏడాది సింగపూర్‌లో క్రిస్టియన్ కుర్ట్‌సీఫర్ బృందం అలాంటి లెన్సులు రెండు ఎదురెదురుగా పెట్టి, మధ్యలో ఒక్క పరమాణువుని నిలిపి, దాని గుండా బాగా పలచటి లేజర్ పంపింది. వెలుగులో పదో వంతు తగ్గింది. ఒక్క పరమాణువు నీడ! వెలుగుని అటూఇటూ కొట్టించే ఎదురెదురు అద్దాల జత, అంటే కావిటీ, ఏదీ లేకుండా, ఉత్త లెన్సులతో.

బాబాయికి ఈ లెక్కలన్నీ చెప్పలేదు కానీ ఒకటి చెప్పాను. రుబీడియం పరమాణువు 780 నానోమీటర్ల వెలుగు మింగి, సగటున 26 నానోసెకన్లలో తిరిగి కక్కేస్తుంది. ఎంత గట్టిగా లేజర్ కొట్టినా సెకనుకి 1.9 కోట్ల ఫోటాన్లకి మించి ఇవ్వలేదు. అవి అన్ని దిక్కులకీ పోతాయి. 0.1 ఎపర్చర్ లెన్స్‌కి అందేది వాటిలో 0.25 శాతం. 0.5 అయితే 6.7 శాతం. తర్వాత ఫిల్టర్లు కొంత తింటాయి, ఫైబర్ కొంత, డిటెక్టర్ కొంత. "అయితే ఎంత దగ్గరకి జరిగితే అంత దక్కుతుందన్నమాట" అన్నాడు. లెన్స్ పెద్దది చెయ్యలేని వాడికి అదే దారి అన్నాను.

ఇంతవరకు చిన్న లెన్స్ పక్షమే మాట్లాడాను. తెలిసే మాట్లాడాను, ఆ లెన్సులంటే నాకు ఇష్టం.

మూత పడ్డాక

బాబాయి వచ్చి వెళ్లిన ఆరు నెలలకి మా లెన్సుల జత లోపలికి వెళ్లింది. లోహపు గొట్టంలో రెండూ ఎదురెదురుగా, ఫోకస్ ఒకేచోట కలిసేలా సర్ది, వ్యాక్యూమ్‌కి పనికొచ్చే ఎపాక్సీతో అంటించాం. సర్దడానికే పదకొండు రోజులు పట్టింది. మైక్రోమీటర్ స్క్రూలు తిప్పుతూ, అవతలి వైపు కెమెరాలో మచ్చ గుండ్రంగా వచ్చేదాకా చూస్తూ, వచ్చాక ఊపిరి బిగబట్టి జిగురు చుక్క పెట్టి. తర్వాత మూత బిగించి, హీటింగ్ టేపులు చుట్టి, పైన అల్యూమినియం రేకు కప్పి వారం పాటు కాల్చాం. లోపలి గోడలకి అంటుకున్న తేమ పోవాలంటే అది తప్పదు. చల్లారాక లేజర్ పంపి చూస్తే మచ్చకి తోక వచ్చింది.

తోక అంటే నిజంగా తోకే. ఒకవైపు ముద్దగా, ఇంకోవైపు పలచగా సాగిపోయి, తోకచుక్కలాగా. ఈ లోపం పేరు కూడా కోమాయే, తోకచుక్క తలకి వాడే మాట. కాల్చినప్పుడు జిగురు కాస్త జారి ఒక లెన్స్ వాలింది. ఎంత వాలిందని లెక్కేస్తే అర డిగ్రీ కూడా లేదు. బయట ఉన్న అద్దమైతే రెండు వేళ్లతో స్క్రూ పావు చుట్టు తిప్పి టీ తాగడానికి వెళ్లేదాన్ని.

బాబాయికి ఫోన్ చేసి చెప్పాను. "మళ్లీ విప్పుతారా?" అన్నాడు. విప్పకుండా నెల రోజులు చూశాం. వెలుగుని ముందే వంకర చేసి పంపితే లోపల నిటారు అవుతుందేమోనని ప్రయత్నించాం, కొంతవరకు అయింది కూడా. పట్టే వెలుగు మచ్చ బాగుపడింది, కానీ పరమాణువు ఇచ్చే వెలుగు రంగు వేరు, అది వచ్చే దారిలో తప్పు అలాగే మిగిలింది. చివరికి విప్పాం. ఇంకో మూడు నెలలు పోయాయి.

ఇది మా చేతకానితనం అనొచ్చు. నిజమే, ఇప్పుడు చేసేవాళ్లు జిగురు తగ్గించి లెన్స్‌ని సిరామిక్ గూట్లో ఒదిగించి ఇంతకంటే బాగా చేస్తారు. కానీ తప్పు జరిగితే దిద్దుకునే వీలు ఉండటానికీ, తప్పే జరక్కుండా చూసుకోవాల్సి రావడానికీ తేడా ఉంది. ప్రసంగాల్లో ఎవరూ ఎక్కించని ఖర్చు ఈ రెండోదే. పైగా లెన్స్ దగ్గరున్న కొద్దీ మీద పడేవి ఇంకా ఉన్నాయి. రుబీడియం ఆవిరి మెల్లగా గాజుకి పూత పడుతుంది. గాజు మీద చేరిన చార్జ్ పోడానికి దారి ఉండదు, మిల్లీమీటర్ల దూరంలో ఉన్న పరమాణువుని, ముఖ్యంగా దాన్ని రిడ్‌బర్గ్ స్థితికి (ఎలక్ట్రాన్ కేంద్రకానికి చాలా దూరంగా తిరిగే స్థితికి) ఎక్కించినప్పుడు, అది ఇష్టమొచ్చినట్టు లాగుతుంది. అందుకని లెన్స్ మీదే విద్యుత్తు పారే పారదర్శకమైన పూత వేసుకోవాల్సి వచ్చింది. దూరంగా ఉన్న లెన్స్‌కి ఈ బాధ ఇంత ఉండదు.

ఇక్కడ నా వాదన కుంటుతుంది

చిన్నదనమే పని చేసే చోటు ఒకటుంది, అది దాటవేస్తే అన్యాయం.

ఆప్టికల్ ఫైబర్ కొనని లేజర్‌తో గుంటలా కాల్చి, దాని మీద అద్దం పూత వేసి, అలాంటి రెండు కొనల్ని ఎదురెదురుగా వెంట్రుక మందం దూరంలో పెడతారు. వెలుగు వాటి మధ్య వేలసార్లు అటూఇటూ కొట్టుకుంటుంది. పారిస్‌లో జాకబ్ రైషెల్ బృందం దీన్ని బాగా సాధించింది. ఇక్కడ వెలుగు తిరిగే చోటు ఎంత ఇరుకైతే పరమాణువుతో దాని బంధం అంత గట్టిపడుతుంది. అంటే గాజు, దాని ఎడం, రెండూ చిన్నవి కావడమే అసలు లాభం. 2011లో వీళ్లు పరమాణువు చేత దాదాపు ఫోటాన్లేవీ కక్కించకుండానే అది ఏ స్థితిలో ఉందో తెలుసుకున్నారు. మా గోరంత లెన్స్ ఆ పని చెయ్యలేదు. అది పరమాణువుని చూడాలంటే వేల ఫోటాన్లు దాని మీద కొట్టాలి, ప్రతి ఫోటానూ ఒక తోపు తోస్తుంది, వేడెక్కిస్తుంది.

2010లో అర్నో రౌషెన్‌బ్యూటెల్ బృందం ఇంకా ముందుకెళ్లింది. ఫైబర్‌ని సాగదీసి అర మైక్రాన్ మందానికి తెచ్చి, దాని పైనుంచి పావు మైక్రాన్ కంటే తక్కువ ఎడంలో పరమాణువుల వరసని నిలబెట్టింది. దాన్ని లెన్స్ అనను, కానీ అక్కడా చిన్నదనమే ప్రాణం.

కాబట్టి చిన్నవన్నీ దండగ అనడం లేదు. ఆ రెండు చోట్లా మూల్యం కట్టి కొన్నది ఇంకో దారిలో దొరకదు. వేలికొన మీది బిళ్ల మీద నాకున్న అనుమానం వేరు. అవి సిలికాన్ స్తంభాల అడవిని పలక మీద మొలిపించి చేసిన చదును లెన్సులు. 2022లో అలాంటి మెటాసర్ఫేస్‌తో రుబీడియం పరమాణువుని ఒక్కొక్కటిగా పట్టి, అందులోంచే చూశారు కూడా. పనితనం గొప్పది. కానీ గాజు లెన్స్ చేసిన పనే అది చేసింది, కొత్తగా ఏం దక్కిందో ఇంకా తేలలేదు. ముందు ముందు ఒకే పలక మీద పట్టే లెన్సూ, చల్లబరిచే కిరణాల్ని తిప్పే అద్దాలూ అన్నీ అచ్చు వేసేస్తారు అంటారు. అప్పుడు నేను మాట వెనక్కి తీసుకుంటాను. సర్దే అవసరమే లేకుండా పుట్టిన వస్తువుకి ఫోకస్ తిప్పే చెయ్యి అక్కర్లేదు. ఇవాళ్టికి మాత్రం ఆ బిళ్ల బయట బల్లలు రెండూ అలాగే ఉన్నాయి.

వేలల్లోకి వెళ్లేసరికి

ఒక్క పరమాణువుతో మొదలైన పని ఇప్పుడు ఎక్కడుందో చూస్తే ఇంకో చిత్రం. కాల్‌టెక్‌లో మాన్యుయెల్ ఎండ్రెస్ బృందం 6,100 సీజియం పరమాణువుల్ని దాదాపు 12,000 మచ్చల్లో పట్టింది. 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. వాళ్లు వాడింది గోరంత లెన్స్ అనుకుంటున్నారా? పెద్ద ఆబ్జెక్టివ్. ఎందుకంటే చిన్న లెన్స్‌కి మచ్చ మధ్యలో బాగుంటుంది, పక్కకి పదుల మైక్రాన్లు జరిగితే చాలు తోకలు మొలుస్తాయి. ఒకరినే చూసే కన్ను అది. ఊరంతటినీ చూడాలంటే పెద్ద కన్ను కావాలి.

"మైక్రోలెన్సులు ఉన్నాయిగా" అంటారు. ఉన్నాయి. గెర్హార్డ్ బిర్క్ల్ 2000ల మొదట్నుంచీ వాటి మీదే పనిచేస్తున్నాడు, డార్మ్‌స్టాట్‌లో ఆయన బృందం వాటితో వెయ్యికి పైగా పరమాణువుల్ని పట్టింది. ఒక పలక మీద వేల బుల్లి లెన్సులు, ఒక్కోదానికి ఒక్కో మచ్చ. అయితే ఆ పలక ఛాంబర్ బయట ఉంటుంది. దాని మచ్చల బొమ్మని ఇంకో పెద్ద ఆబ్జెక్టివ్ కుదించి లోపలికి పంపుతుంది. నాకు ఈ అమరిక చాలా తెలివైనదనిపిస్తుంది. చిన్నవి వేలల్లో ఉండటం వల్ల వచ్చే లాభం తీసుకున్నారు, దగ్గరగా ఉండటం వల్ల వచ్చే తలనొప్పి వదిలేశారు. పలకని రెండు వేళ్లతో జరపొచ్చు.

మా కొత్త ఛాంబర్ ఎలా ఉండాలన్న చర్చ పోయిన నెల జరిగింది. లెన్సులు లోపల అని మా సహోద్యోగి, ఆబ్జెక్టివ్ బయట అని నేను. ఆయన లెక్క ఒక్క పరమాణువుది: ఖర్చు తక్కువ, కదలికలు తక్కువ, లెన్సూ పరమాణువూ ఒకే ముక్కకి బిగించినట్టు ఉంటాయి కాబట్టి బల్ల ఊగినా మచ్చ ఊగదు. ఈ చివరిదానికి నా దగ్గర సరైన జవాబు లేదు. బయట పెట్టిన ఆబ్జెక్టివ్ రోజంతా గది వేడితో పాటు మైక్రాన్లలో నడుస్తూనే ఉంటుంది, ఉదయం సర్దినది సాయంత్రానికి ఉండదు. ఏదైతేనేం, నా మాటే నెగ్గింది.

నెగ్గాక ఆబ్జెక్టివ్ చేసేవాళ్ల నుంచి ఒక ఫారం వచ్చింది. ఛాంబర్ గాజు గోడ మందం ఎంత, ఏ గాజు, ఎంత తేడాతో ఇవ్వగలరు అని. ఎందుకంటే వెలుగు ఆ గోడ దాటి పోవాలి, ఆ గోడని కూడా ఒక లెన్సుగా లెక్కేసి మిగతావి చెక్కుతారు. ఒకసారి చెక్కాక గోడ మందం మారకూడదు. పైగా వ్యాక్యూమ్ తీసినప్పుడు బయటి గాలి ఒత్తిడికి గోడ కాస్త లోపలికి వంగుతుంది, అదీ చెప్పాలట.

బాబాయికి ఫోన్‌లో చదివి వినిపించాను. "అయితే ఇదీ మూతేగా" అన్నాడు. ఫారంలో ఆ వరస ఇంకా ఖాళీగానే ఉంది. శుక్రవారం లోపు నింపి పంపాలి.